చెమటకాయలు: గుమ్మంలో నిలబడి చెప్పిన మాట

చెమటకాయల గురించి రాస్తానంటే మా చెల్లెలు పడీపడీ నవ్వింది.

“ముప్పైమూడేళ్ళు నర్సు పని చేసినావు. నాటుపడవలో కాన్పు చేసినావు. తుఫానులో టీకాల డబ్బా నెత్తిన పెట్టుకొని నడిచినావు. అవన్నీ వదిలిపెట్టి రాసేదానికి నీకు చెమటకాయలే దొరికినాయా?” అంది.

అవును, అవే దొరికాయి. కాన్పు అడ్డం తిరిగితే అందరం జాగ్రత్తపడతాం. డాక్టరుకు కబురు పెడతాం, ఆటో పిలుస్తాం, ప్రార్థన చేసుకుంటాం. చెమటకాయల దగ్గర ఎవరూ జాగ్రత్తపడరు. నేనూ పడలేదు. నా ఉద్యోగంలో నేను చేసిన అన్నిటికంటే పెద్ద తప్పు అక్కడే జరిగింది. ఆ తప్పు వల్ల కావేరి అనే ఒక తల్లి తన బిడ్డకు ఇవ్వాల్సిన పాలు పోగొట్టుకుంది. కొత్తగా ఈ పనిలోకి వచ్చే అమ్మాయిలు వ్యాధుల పేర్లు నాకంటే బాగా చదువుకొని వస్తున్నారు. వాళ్ళకు నేను చెప్పగలిగింది నా తప్పు ఒక్కటే.

ఇంకో కారణం కూడా ఉంది, దాచడమెందుకు. పని మీద బెంగ. రిటైరై రెండేళ్ళు దాటింది. ఇప్పటికీ బుధవారం తెల్లవారితే టీకాల రోజని చటుక్కున లేచి కూర్చుంటాను. చంటిబిడ్డ మెడ మడతలో పాలు, చెమట, సాంబ్రాణి పొగ కలిసిన వాసన ఒకటి ఉంటుంది. ఆ వాసన కోసం నా ప్రాణం లాగుతుంది. చర్చిలో ఎవరి ఒళ్ళోనైనా చంటిబిడ్డ కనబడితే ప్రసంగం వినడం మానేసి బిడ్డ వీపు మీద చొక్కా పైకెత్తి చూస్తాను. మా పాస్టరుగారికి నా సంగతి తెలుసు కాబట్టి ఏమీ అనరు.

ఇసుక దారి

నాది సంగం పక్కన చిన్న ఊరు. కాలవ నీళ్ళు, వరి కయ్యలు చూస్తూ పెరిగినదాన్ని. అల్లూరికి అవతల సముద్రం ఒడ్డున నాలుగు జాలరి పాలేలు నా చేతికిచ్చినప్పుడు, ఆ ఇసుకలో ఎలా నడవాలో కూడా తెలియదు. బస్సు దిగి చెప్పులు చేత్తో పట్టుకొని రెండు మైళ్ళు నడవాలి. వేసవిలో పొద్దున తొమ్మిదికే ఇసుక కాలిపోతుంది. మొదటి నెల రోజూ ఏడ్చాను. రెండో నెల నుంచి దూరంగా నన్ను చూసి ఎవరో ఒకరు “నర్సక్క వస్తాండాది, పిలకాయల్ని పట్టుకోండి మే” అని కేకవేసేవాళ్ళు. సూది భయానికి పిల్లలు పడవల కింద దూరేవాళ్ళు. ఆ కేక విన్నాక ఏడుపు రాలేదు.

నాకు పిల్లలు కలగలేదు. ఆ మాట ఇక్కడ ఒకసారి చెప్పి వదిలేస్తాను. ఆ పాలేల్లో పుట్టిన ప్రతి బిడ్డనూ మొదట ఎత్తుకున్నది నేనేనని ఒక గర్వం మాత్రం ఉండేది. ఆ గర్వమే నన్ను కొన్నిసార్లు గుడ్డిదాన్ని చేసింది.

వసంత మేడమ్ చివాట్లు

మా ఆసుపత్రి డాక్టరు వసంత మేడమ్. పొట్టిగా, గట్టిగా ఉండేవారు. ఆవిడ తిట్టని రోజు మాకు జ్వరం వచ్చినంత దిగులు.

నా మొదటి వేసవిలోనే ఒక వరస ఇళ్ళలో పిల్లలందరికీ ఒళ్ళంతా పొక్కులు లేచాయి. ఎండాకాలం, పొక్కులు, దురద. ఇంకేముంది, చెమటకాయలని తీర్మానించి ఇంటింటికీ గులాబీ రంగు లోషను పంచిపెట్టాను. పది రోజులకు తల్లులకూ అంటుకుంది, తండ్రులకూ అంటుకుంది. రాత్రిళ్ళు వీధంతా కూర్చొని గోక్కుంటున్నారు. మేడమ్ వచ్చి ఒక పిల్లవాణ్ణి వెలుతురులోకి లాగి, చేతివేళ్ళు విడదీసి నాకు చూపించారు.

“వేళ్ళ సందులు చూశావా కరుణా?”

“లేదు మేడమ్.”

“మరేం చూశావు?”

“వీపు మేడమ్.”

“వీపు చూస్తే వీపే కనబడుతుంది. ఇది గజ్జి. నీ లోషనుతో వీళ్ళకు గులాబీ రంగు గజ్జి అయింది.”

వీధి వీధంతా నవ్వారు. ఆ నవ్వు నాకు మంచే చేసింది. చెమటకాయలు ఇంట్లో ఒకరి నుంచి ఒకరికి అంటుకోవు, వేళ్ళ సందుల్లో కాపురం పెట్టవు, రాత్రయితే ఎక్కువ కావు. ఇవి ఆ రోజు నా బుర్రలోకి ఎక్కి ఇక దిగలేదు.

మేడమ్ ఇంకొకటి నేర్పారు. బిడ్డ ఒంటి మీద చెయ్యి వేసే ముందు ఇంట్లో కిటికీ ఎక్కడుందో చూడమనేవారు. బాలింత గది తలుపులు మూసి ఉన్నాయా, బిడ్డకు ఊలు టోపీ ఉందా, నూనె ఎంత పూశారు, పౌడరు ఎంత కొట్టారు, అడుగున ప్లాస్టిక్ గుడ్డ పరిచారా. సగం రోగం గుమ్మం దాటి లోపలికి వెళ్ళి చూస్తేనే తెలుస్తుందని ఆవిడ నమ్మకం. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు నన్ను అలా తిట్టేవాళ్ళు ఎవరూ లేరు.

ఏవి అవి, ఏవి కావు

పురిటి బిడ్డలకు వచ్చేవి ఒక రకం. నుదుటి మీదా మెడ మీదా చెమట బొట్లు నిలిచినట్టు తెల్లగా, పలచగా ఉంటాయి. గుడ్డ తగిలితే చిట్లిపోతాయి. ఎరుపు ఉండదు, దురద ఉండదు. వాటిని చూసి తల్లి కంగారుపడుతుంది, బిడ్డ హాయిగా నిద్రపోతుంది.

ఇంకో రకం ఎర్రగా, ఆవగింజల్లా గుంపుగా లేస్తాయి. చురచురమంటాయి. మెడ మడతలు, వీపు, ఛాతీ, చంకలు, మోచేతి మడత, తొడల సందు వీటి చోట్లు. అంటే గుడ్డ అతుక్కునే చోటు, చర్మానికి చర్మం రాసుకునే చోటు. చెమట బయటికి వచ్చే దారి మూసుకుపోయి లోపలే నిలిచిపోవడం వల్ల వస్తాయి. అరచేతుల్లో, అరికాళ్ళలో సాధారణంగా రావు. ఉప్పు మడుల్లో నైలాను చొక్కాలు వేసుకొని పనిచేసే పెద్దవాళ్ళ వీపులు వేసవంతా ఇలాగే ఉంటాయి. వాళ్ళు ఎవరికీ చూపించుకోరు, గోడకు వీపు రాసుకొని ఊరుకుంటారు.

జ్వరం ఉంటే మాత్రం చెమటకాయలని ఊరుకోవద్దు. కళ్ళు ఎర్రబడి, దగ్గుతో, చెవుల వెనక నుంచీ ముఖం నుంచీ మొదలైతే తట్టు కావచ్చు. కొన్ని నీటిపొక్కులు, కొన్ని ఎండినవి, కొన్ని కొత్తవి ఒకేసారి ఉండి, తలలోనూ నోట్లోనూ కూడా ఉంటే ఆటలమ్మ. పొక్కుల్లో చీము పట్టినా, చుట్టూ వాచి ఎర్రగా వేడిగా ఉన్నా, అన్నిటికంటే ముఖ్యంగా బిడ్డ పాలు తాగడం తగ్గించినా, మందు మీరు చెప్పకండి. డాక్టరు దగ్గరికి పంపండి. నిజమైన చెమటకాయలకు ఒక తేలిక పరీక్ష ఉంది. బిడ్డను గుడ్డలు వదులు చేసి చల్లని చోట ఉంచితే ఒకటి రెండు రోజుల్లో తగ్గుముఖం పడతాయి. పట్టలేదంటే మీ లెక్క తప్పిందేమోనని మళ్ళీ చూడండి.

దీనికి మందేమిటంటే గాలి. ఈ మాట చెబితే ఏ ఇంట్లోనూ గౌరవం ఉండదు. గాలి మందేమిటి, సూది లేదా అంటారు. చల్లని నీళ్ళతో మెల్లగా స్నానం, రుద్దకుండా అద్ది తడి ఆర్చడం, పాత నూలు చీర చింపిన గుడ్డ. మడతల్లో నూనె వద్దు, ముద్దలు కట్టే పౌడరు వద్దు. దురద ఎక్కువగా ఉంటే లోషను పలచగా. నేను చాలా ఇళ్ళలో ఆ లోషను ఇచ్చింది సగం బిడ్డ కోసం, సగం నాయనమ్మ కోసం. చేతిలో సీసా ఉంటే ఆవిడకు ఊలు టోపీ తీసేసే ధైర్యం వస్తుంది.

మందుల షాపులో అడిగి తెచ్చే స్టెరాయిడ్ ట్యూబులు మాత్రం చంటిబిడ్డకు పూయనివ్వకండి. రెండు రోజుల్లో ఎరుపు పోతుంది కాబట్టి అందరూ మెచ్చుకుంటారు. ఆ మెప్పు వెనక చర్మం పలచబడి పాడైపోయిన బిడ్డలను నేను చూశాను. ఈ విషయంలో నాకు ఓపిక తక్కువ, చాలామందితో పోట్లాడాను.

వేడి

ఇక కావేరి సంగతి.

కావేరి ఏడేళ్ళ ఎదురుచూపు తర్వాత తల్లి అయింది. రెండు కడుపులు నిలవలేదు. మూడోది ఆడబిడ్డ, నా చేతుల మీద పుట్టింది. కావేరి అత్త పోలమ్మ పెద్ద నోటి మనిషి, పెద్ద మనసు మనిషి కూడా. కోడలు గొడ్రాలని ఎవరైనా అంటే చేపల గంప దించి మరీ దెబ్బలాడేది. బిడ్డ పుట్టినప్పుడు తన చెవి కమ్మలు తీసి కోడలికి పెట్టింది. ఇది చెప్పకపోతే మీరు ఆవిణ్ణి తప్పుగా అనుకుంటారు.

బిడ్డకు నలభై రోజులు దాటాయి. రోళ్ళు పగిలే రోహిణి కార్తె ఎండలు. చేపల వేట నిషేధం రోజులు, మగవాళ్ళంతా ఇళ్ళలోనే ఉండి వలలు బాగుచేసుకుంటున్నారు. నేను టీకాల డబ్బాతో వీధిలో నడుస్తున్నాను. డబ్బాలో ఐసు కరిగిపోతోంది, ఇంకా రెండు పాలేలు మిగిలాయి. పోలమ్మ గుమ్మంలోకి వచ్చి పిలిచింది.

“నర్సమ్మా, రవంత లోపలికి రా. బిడ్డకు ఒళ్ళంతా ఎర్రగా పేలుండాది.”

నేను లోపలికి పోలేదు. ఆవిడే బిడ్డను గుమ్మంలోకి తెచ్చింది. మెడ మీద, వీపు మీద ఎర్రని చెమటకాయలు. జ్వరం లేదు, బిడ్డ హుషారుగా ఉంది. అంత తేలికైన కేసు ఇంకొకటి ఉండదు. నేను చెప్పింది మూడు ముక్కలు.

“చెమటకాయలే పెద్దమ్మా. వేడికి వచ్చినాయి. ఏం గాదు, చలవగా చూసుకోండి.”

చెప్పి వచ్చేశాను. నా లెక్క తప్పలేదు. రోగం సరిగ్గానే గుర్తుపట్టాను. ఆ సంతోషంతోనే పక్క పాలెం పోయాను.

మీరు ఈ మాటలు మళ్ళీ ఒకసారి చదవండి. వేడికి వచ్చాయన్నాను. నేను అన్నది బయట ఎండ వేడి, మూసిన గది వేడి. మన ఇళ్ళలో వేడి అంటే అది కాదు. మామిడిపండు వేడి చేస్తుంది, కోడికూర వేడి చేస్తుంది. ఒంట్లో వేడి ఉంటుంది, ఆ వేడి పాలల్లోకి దిగుతుంది, పాలల్లోంచి బిడ్డకు దిగుతుంది. చలవగా చూసుకోమంటే చలవ చేసేవి పట్టమని. నేనూ అదే ఇళ్ళలో పుట్టి పెరిగినదాన్నే. మా అమ్మ నాకు జ్వరం వస్తే వేడి చేసిందనే అనేది. ఏ తెల్లదొరసానో చేసిన తప్పయితే క్షమించవచ్చు, నాకు ఆ సాకు కూడా లేదు.

తర్వాతి బుధవారం మమ్మల్ని నెల్లూరులో ట్రైనింగుకు రమ్మన్నారు. ఆ పాలేనికి పోవడం కుదరలేదు. పదకొండో రోజు వెళ్ళాను.

ఇంట్లో అడుగుపెట్టగానే మల్లెపూల వాసన గుప్పుమంది. ఏదో శుభకార్యం అనుకున్నాను. నవ్వుతూ “ఏంది పెద్దమ్మా, విశేషం?” అని కూడా అడిగాను. కావేరి మూల చాప మీద గోడకు ఆనుకొని కూర్చొని ఉంది. తలలో పూలు లేవు. జాకెట్టు మీదుగా ఛాతీకి గుడ్డ బిగించి కట్టి ఉంది. ఆ గుడ్డ లోపల మల్లెపూలు. బిడ్డ పోయిన తల్లికి పాలు ఇంకిపోవడానికి మా వైపు అలా కడతారు. బిడ్డ పోయిందనుకున్నాను.

బిడ్డ ఉంది. పోలమ్మ ఒళ్ళో ఉంది. సబ్జా నీళ్ళు, బార్లీ నీళ్ళు, నీళ్ళు కలిపిన గేదెపాలు పట్టారు. మూడు రోజులుగా విరేచనాలు. మాడు గుంట పడింది, పెదాలు ఎండాయి, పొద్దుటి నుంచి ఒంటేలు పోయలేదు. పొట్ట మీద చర్మం పట్టి వదిలితే అలాగే నిలబడింది. చెమటకాయలు మాత్రం పూర్తిగా మాయమయ్యాయి. చలవగా చూసుకున్నారు కదా.

“పాలెందుకు మాన్పించారు?” అని అరిచాను.

పోలమ్మ బిత్తరపోయింది. “నువ్వే గదమ్మే చెప్పినావు, వేడికి వచ్చినాయని. తల్లి పాలు వేడి గొట్టినాయని గదా. ఏడేళ్ళకు పుట్టిన బిడ్డ, ఎట్టా తాపమంటావు?”

కావేరి నా వంక చూడలేదు. నేల చూస్తూ, “నా పాలే బిడ్డను కాల్చినాయంటక్కా” అంది.

ఆ మాటకు నేనేం జవాబు చెప్పాలో అప్పుడు ఆలోచించే వ్యవధి లేదు. సంచిలో ఉన్న ఓఆర్‌ఎస్ కలిపి చెంచాతో చుక్కచుక్కగా పట్టడం మొదలుపెట్టాను. కావేరి మొగుడు ఏడుకొండలు ఆటో కోసం పరిగెత్తాడు. దారంతా కావేరి ఒళ్ళో బిడ్డ, నా చేతిలో చెంచా. మా ఆసుపత్రిలో వసంత మేడమ్ బిడ్డను చూసిన మరుక్షణం సెలైను పెట్టి, నెల్లూరు పెద్దాసుపత్రికి తన కారులోనే పంపించారు. కావేరీ, ఆమె మొగుడూ బిడ్డతో వెళ్ళారు. నేనూ, మాతో వచ్చిన పోలమ్మా వరండాలో మిగిలిపోయాం.

అక్కడ నేను పోలమ్మ చేతులు పట్టుకొని చెప్పాను. తప్పు నాదని, నేనన్న వేడి గాలిలో వేడి అని, తల్లి పాలల్లో ఏ దోషమూ లేదని, చెమటకాయలకూ పాలకూ సంబంధమే లేదని.

“ఉక్క అని చెప్పుండొచ్చు గదమ్మే,” అంది పోలమ్మ. “ఉక్కకు పేలిందంటే మాకు తెలవదా? తలుపులు తీసి పెట్టుందుము. చదవేస్తే ఉన్న మతి పోయిందంట, అట్టా ఉండాది నీ కత.”

తర్వాత కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

అమ్మాయిలూ, ఆ రోజు నుంచి నేను ఏ ఇంట్లోనూ వేడి అనే మాట వాడలేదు. ఉక్క అన్నాను, ఉక్కపోత అన్నాను, గదిలో గాలి ఆడలేదన్నాను. వెంటనే, అడగకపోయినా, “పాలు మానొద్దు” అన్నాను. అది చెప్పాక ఇంట్లోవాళ్ళను నేను చెప్పింది నాకు తిరిగి చెప్పమన్నాను. విన్నారని అనుకోవడం వేరు, ఏం విన్నారో వినడం వేరు. ట్రైనింగుకు వచ్చిన పిల్లలందరికీ ఈ కథ చెప్పాను, పేర్లు మార్చి. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. నా మాట ఇంత కీడు చెయ్యడానికి ఆ గుమ్మం దాటితే చాలింది.

పాలు

బిడ్డ బతికింది. వారం రోజులకు ఇంటికొచ్చింది.

పాలు రాలేదు. పది రోజులు కట్టి ఉంచినా, బిడ్డను మళ్ళీ మళ్ళీ రొమ్ముకు పట్టిస్తే పాలు తిరిగి రావడం ఉంది. నేను చాలామందికి రప్పించాను కూడా. నెలన్నర రోజులు పొద్దునా సాయంత్రం ఆ ఇంటికి పోయాను. బిడ్డను ఒంటికి ఆనించి పడుకోబెట్టించాను. రెండు గంటలకొకసారి పట్టించాను. పోలమ్మ చేపల పులుసు, వెల్లుల్లి, మునగాకు ఏది దొరికితే అది వండి పెట్టింది. నాలుగు చుక్కలు వచ్చేవి, ఆగిపోయేవి. కావేరి బిడ్డను పట్టుకున్నప్పుడల్లా భుజాలు బిగదీసుకొని, ఊపిరి బిగబట్టి కూర్చునేది. అలిసిపోయింది అనుకున్నాను. చివరికి మేడమ్ చెప్పిన పోతపాలు గిన్నెతో, చెంచాతో తాగి ఆ బిడ్డ పెరిగింది.

పాలు రాకపోయినా కావేరి బిడ్డను రొమ్ముకు పట్టడం మానలేదు. రెండో ఏడు వచ్చేదాకా సందకాడ వాకిట్లో కూర్చొని, కొంగు కప్పి పట్టుకొనేది. ఆ బిడ్డ కాసేపు చప్పరించి నిద్రపోయేది. నేను వీధిలో పోతూ చూసేదాన్ని. మానమని చెప్పడానికి నోరు రాలేదు. ఆవిడ ముఖంలో ఉన్న ఆశ చూడలేక తల తిప్పుకొని పోయేదాన్ని.

ఆ తర్వాత నన్ను దొరవారిసత్రం వైపు మార్చారు. కావేరికి కొడుకు పుట్టాడని, వాడూ డబ్బాపాల మీదే పెరుగుతున్నాడని ఎవరో చెప్పగా విన్నాను. ఈసారి కూడా పాలు పడలేదు కాబోలు, పాపం అనుకున్నాను. ఏళ్ళ తర్వాత మళ్ళీ అల్లూరు వచ్చాక బస్టాండులో, సంతలో కనబడేది. నవ్వేది. రెండు చేపలు సంచిలో వేసేది, వద్దంటే కోప్పడేది. నన్ను క్షమించిందని నేను నిశ్చింతగా ఉన్నాను. పోలమ్మ పోయినప్పుడు వెళ్ళాను. ఆ రోజు కావేరి నన్ను పట్టుకొని ఏడ్చింది కూడా.

మొన్నటి వేసవి

మొన్న వేసవిలో కావేరి ఫోను చేసింది. ఆనాటి ఆ బిడ్డే ఇప్పుడు బాలింతై పుట్టింటికి వచ్చి ఉంది.

“మనవరాలికి ఒళ్ళు పేలింది అక్కా. నేను ఏమీ చెప్పలా, ఏమీ చెయ్యలా. నువ్వొచ్చి చెప్పు” అంది.

ఉద్యోగం లేని మనిషిని, ఆటో కట్టించుకొని పోయాను. పిలిచారని సంతోషం, ఆ ఇంటికే పిలిచారని భయం. ఈసారి గుమ్మంలో ఆగలేదు. లోపలికి వెళ్ళి చాప మీద కూర్చున్నాను. కిటికీ చూశాను, మూసి ఉంది, తెరిపించాను. బిడ్డను ఒళ్ళో వేసుకొని టోపీ తీశాను, అంటుకుపోయిన సిల్కు గౌను తీశాను. మెడ మడతలో పౌడరు ముద్దలు తడిగుడ్డతో మెల్లగా తీసి అద్దాను. వేళ్ళ సందులు చూశాను, అరికాళ్ళు చూశాను, నోరు చూశాను. చెమటకాయలే. చాలా రోజుల తర్వాత నా చేతులకు పని దొరికింది. బిడ్డను వదలబుద్ధి కాలేదు.

“ఉక్కకు పేలింది. గాలి ఆడితే పోతుంది. పాలు మానొద్దు. ఏం చెప్పాను?” అన్నాను.

ఆ అమ్మాయి నవ్వి అంతా తిరిగి అప్పజెప్పింది. అప్పజెప్పి, బిడ్డను తీసుకొని పాలకు పట్టుకుంది. గటగటమని తాగే చప్పుడు గదంతా వినబడింది.

కావేరి తలుపు పక్కన నిలబడి ఆ చప్పుడు వింటోంది. ఆ ముఖం చూసి నేను లేచి దగ్గరికి వెళ్ళాను. ఆమె గొంతు తగ్గించి అడిగింది.

“అక్కా, ఒక మాట అడుగుతా, అబద్ధం చెప్పబాక. ఆ పొద్దు నా పాలు నిజంగానే వేడా?”

ఇరవై రెండేళ్ళు. పోలమ్మకు చెప్పాను. మేడమ్ దగ్గర ఒప్పుకున్నాను. ట్రైనింగులో ఎంతమందికో చెప్పాను. ఇన్నేళ్ళలో, ఆ పాలు ఎవరివో ఆ మనిషికి మాత్రం చెప్పలేదు. అత్త చెప్పే ఉంటుందని నేననుకున్నాను. నర్సు చెప్పే ఉంటుందని ఆ అత్త అనుకొని ఉంటుంది.

“లేదు కావేరీ. మంచి పాలు. తప్పు నాది, నా మాటది. ఎండ వేడని చెప్పబోయి వేడి అన్నాను. నువ్వు ఎప్పుడూ అడగలేదే?”

“అడిగితే అవునంటావేమోనని.”

లోపల బిడ్డ తాగుతూనే ఉంది.

“మళ్ళా నువ్వు పట్టమన్నప్పుడు, పెద్దాసుపత్రి మందులకు పాలు చలవబడినాయేమో అనుకున్నా. చుక్క రాలితే భయం, రాలకపోతే భయం. పిల్లోడు పుట్టినప్పుడు పాలు వచ్చినాయక్కా. బాగా వచ్చినాయి. జాకెట్టు తడిసిపొయ్యేది. వాణ్ణి గూడా కాల్చేస్తానని భయపడి, రానట్టు చెప్పి, దొడ్లో కూసోని పిండి ఇసకలో పోసినా. మూడు నెలలు పోసినా.”

నాకు ఒక్కటే కోరిక కలిగింది. ఆ రోహిణి కార్తె పొద్దు మళ్ళీ రావాలి, ఐసు కరిగితే కరగనీ, నేను ఆ గుమ్మం దాటి లోపలికి పోవాలి. అంతకుమించి ఈ జన్మలో నాకు ఏమీ అక్కర్లేదనిపించింది.

“ఆ పాలు గూడా మంచియేనా?” అంది కావేరి.

“అవీ మంచివే.”

ఆమె తల ఊపింది. కొంగుతో ముఖం గట్టిగా తుడుచుకొని, కూతురి పక్కన పోయి కూర్చుంది.

“రెండో పక్క గూడా పట్టు మే,” అంది, “ఆపబాక.”